రాని జ్వరం

నాకు పని నేర్పారంటారు. నిజమే, నేర్పారు. కాగితానికి మార్జిన్ ఎంత మడవాలో, దబ్బనంతో కేసుకట్టకు ఎక్కడ చిల్లు పెట్టాలో, కోర్టు ఫీజు స్టాంపు ఏ మూల అంటించాలో, నకలు దరఖాస్తు ఏ కిటికీలో ఇవ్వాలో, అన్నీ నేర్పారు. అన్నిటికంటే ముందు నేర్పింది మాత్రం నేను ఎక్కడ నిలబడకూడదో. కోర్టు గుమ్మం దగ్గర నిలబడకూడదు. ఇన్నేళ్లయినా ఆ మాట తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

అవి ఎనభైల చివరి రోజులు. మాది కోదాడ. సూర్యాపేటలో డిగ్రీ చదివి, లా చదువుతానని ఇంట్లో అడిగాను. మా నాన్న పేపరు మడిచి పక్కన పెట్టి, "నల్లకోటు వేసుకుని మగాళ్లతో వాదులాడతావా?" అన్నాడు. అప్పటికే నేను ఇంట్లో ఆయనతో రోజూ వాదులాడుతున్నాను, అది మాత్రం లెక్కలోకి రాలేదు. చివరికి టైపు హయ్యర్ పాసయ్యాను కాబట్టి ఒక వకీలు దగ్గర గుమాస్తా పని నేర్చుకోవడానికి ఒప్పుకున్నాడు. అది కూడా ఆ వకీలు తెలిసినవాడు కావడం వల్ల, మా పిన్ని ఇంట్లో ఉండి వెళ్లిరావడానికి వీలు కావడం వల్ల. తర్వాతి రోజుల్లో సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో, మూడుచోట్లా పనిచేశాను. ఈ సంగతి జరిగింది ఏ ఊరి కోర్టులోనో రాయను. అప్పటివాళ్ల పిల్లలు ఎదురుపడితే పలకరించే మంచివాళ్లు.

వకీలుగారి ఆఫీసు కోర్టుకు ఎదురుగా, రోడ్డు అవతల. ముందు గదిలో సార్ బల్ల, వెనక గదిలో టైపు మిషను, దాని ముందు నేను. నాకు పని నేర్పే బాధ్యత పెద్ద గుమాస్తాది. ఆయనకు యాభై దాటాయి. ఎప్పుడూ చెవి మీద పెన్సిల్, చంకలో కేసుల డైరీ. చెడ్డవాడని చెప్పలేను. కానీ ఆయనకు రెండే రకాల మనుషులు: సార్‌కు పనికొచ్చేవాళ్లు, సార్ పనికి అడ్డమొచ్చేవాళ్లు. నేను ఏ రకమో ఆయన చివరిదాకా తేల్చుకోలేకపోయాడు.

గుమాస్తా పనిలో అసలైనది పిలుపు పని. పొద్దున్నే మున్సిఫ్ గారు బెంచి ఎక్కగానే బంట్రోతు వరండాలోకి వచ్చి, ఆ రోజు కేసుల్లో వాది పేరు, ప్రతివాది పేరు మూడేసిసార్లు గొంతెత్తి పిలుస్తాడు. సార్ లోపల ఇంకో కేసులో ఉంటారు, లేదా దారిలో ఉంటారు. గుమ్మం దగ్గర నిలబడి, మన పార్టీ, అంటే మన కక్షిదారు, పేరు వినబడగానే "ఉన్నరు, ఉన్నరు" అని కేకవేసి మనిషిని లోపలికి తోయవలసింది గుమాస్తా. మూడోసారికి కూడా ఎవరూ పలకకపోతే వాది రాలేదని కేసు కొట్టేస్తారు. ఆ పని నేర్పమని అడిగితే పెద్ద గుమాస్తా తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు ఆడివిల్లవు. గాడ అందరు మగోళ్లుంటరు. సూసినోళ్లు ఏమనుకుంటరు? లోపల కూసోని టైపు కొట్టుకో."

"మరి మీరు టీకి పోయినప్పుడు ఎవరు పలుకుతారండీ?" అన్నాను.

"నేను టీకి వోతే గంటలు గంటలు కూసుంటనా?" అని ఆయన కోప్పడ్డాడు.

మా దగ్గరికి వచ్చే పార్టీల్లో ఒకామె ఉండేది. వాడపల్లి వైపు తండా నుంచి వచ్చేది. నలభై ఏళ్లుంటాయి. అద్దాల పైట, మోచేతిదాకా గాజులు, మోకాళ్ల మీద గడ్డం ఆనించి కూర్చోవడం. భర్త పోయాడు. కాలువ నీళ్లు పారే మడి ఒకటి అతని పేరున ఉంది. అది ఆమె బతుకు. అతని అన్న, అంటే ఆమె బావ, ఆ మడిని తన దాంట్లో కలుపుకోవాలని చూశాడు. ఆమె కోర్టుకు వచ్చి, కేసు తేలేదాకా అతను మడిలో కాలు పెట్టకూడదని ఇంజంక్షన్ తెచ్చుకుంది. వాయిదా తప్పేది కాదు. మొదటి బస్సుకు వచ్చి కోర్టు వరండాలో తలుపు పక్కన గోడకు ఆనుకుని కూర్చునేది. ఏ వాయిదాకైనా ఆమె అక్కడ ఉందా అని వెతుక్కోవలసిన పని ఉండేది కాదు.

ఆ రోజూ అక్కడే ఉంది. సార్ పై కోర్టులో ఉన్నారు. పెద్ద గుమాస్తా టీకి పోయాడు. నేను రోడ్డు అవతల, ఆయన కూర్చోమన్న చోటే కూర్చుని, ఆయన కొట్టమన్న కాగితమే టైపు కొడుతున్నాను. బంట్రోతు బయటికి వచ్చి ఆమె పేరు పిలిచాడు. మూడుసార్లు పిలిచాడు. ఆమె పలకలేదు. కేసు కొట్టేశారు. కేసుతోపాటు ఇంజంక్షన్ కూడా పోయింది.

సార్ వచ్చి సంగతి విని, వరండాలోంచి ఆమెను ఆఫీసుకు పిలిపించి అరిచారు. "పిలుస్తుంటె ఏడ వోయినవ్? నిద్రవోయినవా? నీ కేసు నీకే పట్టకపోతె నాకేం పట్టింది?"

ఆమె పైట ముఖం మీదికి లాక్కుని నేలకేసి చూస్తూ నిలబడింది. పెద్ద గుమాస్తా సార్ వెనక నిలబడి, "మూడుసార్లు పిలిచిండట సార్, సప్పుడు లేదట" అని అందించాడు. తను టీ కొట్టు దగ్గర ఉన్న సంగతి మాత్రం నోటి చివరిదాకా కూడా రానివ్వలేదు. నాకు టైపు మిషను ఎత్తి ఆయన కాళ్ల మీద వేయాలనిపించింది.

వాళ్లు వెళ్లాక ఆమెను వెనక గదిలోకి పిలిచి, నీళ్లిచ్చి అడిగాను. "అక్కా, వినబడలేదా?"

"ఎందుకు ఇనవడలే బిడ్డా? మంచిగ ఇనవడ్డది."

"మరి?"

"మా బావ గాడనే నిలవడ్డడు. బంట్రోతు పక్కనే. నా దిక్కే సూసుకుంట."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. వాళ్ల తండాలో కోడలు భర్త అన్న ఎదుట పడితే ముసుగు దించుతుంది. ఆయన వినేలా గొంతు పైకి రానివ్వదు. ఏదైనా చెప్పాలంటే పక్కనున్న పిల్లలకు చెప్పినట్టు చెబుతుంది. భర్త బతికున్నప్పుడూ అంతే, పోయాకా అంతే. ఆయన మీద కేసు వేసినా అంతే. మడి కోసం కొట్లాడటం వేరు, మర్యాద తప్పడం వేరు అనేది ఆమె లెక్క. ఆ లెక్క ఆ బావకు మనకంటే బాగా తెలుసు. అందుకే ఎప్పుడూ కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద చుట్ట కాల్చుకునే మనిషి, గుమాస్తా లేకపోవడం చూసుకుని, పిలుపు వేళకు వచ్చి బంట్రోతు పక్కన నిలబడ్డాడు. ఒక్కమాట అనలేదు, ఒక్క కాగితం చింపలేదు. ఊరికే నిలబడ్డాడు. అంతే, చట్టం అతని పక్షాన పనిచేసిపెట్టింది.

నేను గుమ్మం దగ్గర ఉండి ఉంటే ఆమె నోరు తెరవవలసిన అవసరమే ఉండేది కాదు. ఆమె తరఫున నేను కేకేసేదాన్ని. నా గొంతు చిన్నప్పటినుంచీ పెద్దదే. ఆ సంగతి నేను పెద్ద గుమాస్తాతో అంటే, "అయిందేదో అయింది. రీస్టోరు పిటిషనేద్దాం. నెల టైముంటది" అన్నాడు.

కొట్టేసిన కేసును మళ్లీ తెరవమని అడగడానికి నెల గడువు ఉంటుంది. రాకపోవడానికి కారణం చెబుతూ అఫిడవిట్ పెట్టాలి. కారణం ఏమిటని ఎవరూ ఆలోచించరు. జ్వరం. మా ఆఫీసులో, ఎదుటివాళ్ల ఆఫీసులో, ఆ వీధిలో ప్రతి ఆఫీసులోనూ జ్వరమే. "ఆ రోజు తీవ్రమైన జ్వరంతో మంచంలో ఉండి హాజరు కాలేకపోయాను." ఇంగ్లీషులో ఆ పేరా నాకు కళ్లు మూసుకుని కొట్టడం వచ్చు. మా కోర్టు కాగితాల ప్రకారం ఆ తాలూకాలో జ్వరం రాని రైతు లేడు.

పేరా అయ్యాక కింద ఒక వాక్యం ఉంటుంది. పై సంగతులన్నీ తెలుగులో చదివి వినిపించగా, నిజమని ఒప్పుకుని వేలిముద్ర వేసినారు అని. అదీ టైపు కొట్టడం వచ్చు. చదవడం మాత్రం నాకు ఎవరూ నేర్పలేదు. ఆ వాక్యం కాగితం కిందుగా ఉండటానికే తప్ప చేయడానికి కాదని ఆ వీధిలో అందరికీ తెలుసు. పనికి కొత్త కాబట్టి నాకు తెలియదు. ఆమె బొటనవేలికి సిరా పూసి, అఫిడవిట్ ముందు పెట్టి, నేను చదివి వినిపించాను.

ఆమె వేలు గాలిలో ఆగిపోయింది.

"నాకు జొరమెప్పుడు వచ్చింది బిడ్డా?"

"రాలేదక్కా. ఇట్లా రాస్తారు."

"రాలేదని రాసిండ్రా?"

"అవును."

"నేను వచ్చిన గద!" ఆమె గొంతు పెరిగింది. ఆ గదిలో ఆమె బావ లేడు కాబట్టి ఎంతైనా పెరగవచ్చు. "మొదటి బస్సుకు వచ్చిన. మీ సారు సూసిండు, గీ పెద్దాయన సూసిండు. నేను రాలేదని నేనే వేలు వెట్టాల్నా? మా బావ తండల ఏమని తిరుగుతుండో ఎరుకేనా? అది కోర్టుకే వోలే, దానికే భూమి మీద ఆశ లేదు అంటుండు. గీ కాయితం సూపెడితె అయిపాయె. మడి దున్నిచ్చిండు బిడ్డా, నిన్ననే ట్రాక్టరు దింపిండు."

సిరా వేలిని తలవెంట్రుకలకు తుడుచుకుని లేచి నిలబడింది.

ఆ మాటలు విని సార్ ముందు గదిలోంచి వచ్చారు. ఆయనకు నిజంగా అర్థం కాలేదు. ఆయన ముఖం చూస్తే తెలుస్తుంది. "అమ్మా, నీ మంచికే చెప్తున్న. జ్వరం అని రాస్తె జడ్జిగారు చదవకుంటనే ఇస్తరు. వచ్చిన గని పలుకలే అని రాస్తె వంద ప్రశ్నలడుగుతరు. నీకు మడి కావాల్నా, మాట కావాల్నా?"

"రెండు గావాలె" అంది ఆమె.

ఆ జవాబుకు సార్ నవ్వారు, పెద్ద గుమాస్తా నవ్వాడు. నాకు మాత్రం చచ్చేంత కోపం వచ్చింది. రెండూ అడగడంలో నవ్వడానికి ఏముంది? వచ్చిన మనిషిని వచ్చిందని రాయమంటే అంత కష్టమా? ఆమె వెళ్లిపోయాక సార్‌తో వాదించాను. ఆ గదిలో నేను నోరు ఎత్తి మాట్లాడటం అదే మొదటిసారి. ఇల్లు గుర్తొచ్చింది. సార్ విసుక్కున్నారు, నా వయసు గురించి ఏదో అన్నారు, మా నాన్నకు చెబుతానన్నారు. రోజులు గడిచాయి, ఆమె ప్రతిసారీ వచ్చి వేలు పెట్టనని చెప్పి పోయింది. గడువు దగ్గరపడేసరికి సార్, "సరే, నీ ఇష్టమొచ్చింది కొట్టుకో. పోతె నన్నడగొద్దు" అన్నారు.

ఉన్నది ఉన్నట్టు కొట్టాను. తప్పుల తడక ఇంగ్లీషే, కానీ ఒక్క అబద్ధం లేదు. చదివి వినిపించాను. ఆమె వేలు పెట్టింది.

విచారణ రోజు నేను టైపు మిషను మీద గుడ్డ కప్పి రోడ్డు దాటాను. పెద్ద గుమాస్తా గుమ్మం దగ్గర చెయ్యి అడ్డం పెట్టి, "ఏడికి?" అన్నాడు. చెయ్యి కింద నుంచి దూరి లోపలికి వెళ్లి వెనక బెంచి పక్కన నిలబడ్డాను. నన్ను చూసి భూకంపమేమీ రాలేదు. ఎవరో ఒకాయన జరిగి చోటిచ్చాడు కూడా.

మున్సిఫ్ గారు కాగితం చదివారు. జ్వరం లేని కాగితం కాబట్టి చదవక తప్పలేదు. తలెత్తి ఆమెను అడిగారు. "వచ్చావు అంటున్నావు. పిలిస్తే ఎందుకు పలకలేదు?"

ఆమె ముసుగు దించుకుని గోడ వైపు తిరిగింది. మాట లేదు. మళ్లీ అడిగారు. మాట లేదు. అవతలి వకీలు, "చూశారా, ఇప్పుడూ అంతే" అని నవ్వాడు. హాలంతా నవ్వింది. సార్ నుదురు పట్టుకున్నారు. ఆమె బావ ఎదురు బెంచీ మీద చేతులు కట్టుకుని, ఆమె దిక్కే చూస్తూ కూర్చున్నాడు. కాగితంలో నేను రాసిందంతా వాళ్ల కళ్లముందే జరుగుతోంది, ఒక్కరికీ కనబడటం లేదు.

నేను బల్లల మధ్య నుంచి ముందుకు నడిచి సార్ చెవి దగ్గర, "ఆయన్ను బయటికి పంపమనండి" అన్నాను. సార్ నా వైపు చూసి, అతని వైపు చూసి, అప్పుడు గ్రహించి, లేచి అడిగారు. మున్సిఫ్ గారు ఒక్క క్షణం ఆలోచించి ఆ బావను వరండాలోకి పొమ్మన్నారు.

అతను గడప దాటగానే ఆమె ఇటు తిరిగింది.

"నేను వచ్చిన దొరా. గీ తలుపు పక్కనే కూసున్న. మూడుసార్లు పిలిచిండు, మూడుసార్లు ఇన్న. మా బావ ముంగట నేనెట్ల పలుకుత? మీ ఇంట్ల ఆడోళ్లు పలుకుతరా? నేను రాలేదని అనకుండ్రి. వచ్చిన."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మున్సిఫ్ గారు అవతలి వకీలును చెప్పేదేమైనా ఉందా అని అడిగి, పిటిషన్ అలౌ చేస్తున్నామన్నారు. కేసు మళ్లీ బతికింది. ఇంజంక్షన్ కూడా తిరిగొచ్చింది. బయటికి వచ్చి సార్ అందరికీ టీ చెప్పారు. "నిజం రాయాలని నేను ముందే అనుకున్న" అని పక్క వకీలుతో చెబుతుంటే నా చెవులతో విన్నాను. సరే, మడి దక్కింది కదా అని ఊరుకున్నాను.

తర్వాత ఆర్డరు నకలు తీసుకున్నాను. దాన్ని తండాలో చూపించుకుంటానని ఆమె అడిగింది. కిటికీ దగ్గరే నిలబడి చదివాను. కోర్టులో రాతపని చూసే బెంచి గుమాస్తా రాసి పెట్టింది, మున్సిఫ్ గారు సంతకం చేసింది, రెండే వరుసలు. పిటిషనరు జ్వరం వల్ల హాజరు కాలేకపోయినది. కారణం సమంజసంగా ఉన్నది, అనుమతించడమైనది.

రెండోసారి చదివాను. పేరు ఆమెదే. కేసు ఆమెదే.

ఆఫీసుకు పరిగెత్తి సార్ బల్ల మీద పెట్టాను. దీన్ని సరిదిద్దమని పిటిషన్ వేద్దామన్నాను. ఆయన చదివి, చేతిలోంచి జారవిడిచి, "గెలిచిన ఆర్డరు మీద ఎవరన్న పిటిషనేస్తరా? రోజూ గదే రాస్తరు, చెయ్యి అలవాటు. ఖతం చెయ్యి" అన్నారు. ఎంత చెప్పినా అంతే. అబద్ధం రాసినందుకు కాదు, అది అబద్ధమని కూడా తోచనందుకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె అడగకముందే చదివి చెప్పాను. దాచడం నా వల్ల కాలేదు.

"జొరమనే రాసిండ్రా?"

"జ్వరమనే రాశారక్కా."

"నేను గట్టిగనే చెప్పిన గద. అందరు ఇన్నరు గద."

"విన్నారు."

"మరి?"

తర్వాత ఎన్నో ఏళ్లు ఆ పనే చేశాను, కొత్త ఆడపిల్లలకు నేర్పాను, ఎక్కడ నిలబడాలో మొదట చెప్పాను. ఆ 'మరి'కి జవాబు మాత్రం ఎవరికీ నేర్పలేకపోయాను. ఆ బావ కూడా ఒక నకలు తీసుకున్నాడు. తండాలో చదువుకున్న పిల్లవాడితో అందరి ముందూ చదివించాడట. అది కోర్టుకు పోలేదని కోర్టే రాసిచ్చింది చూడండి అన్నాడట. ఆ సంగతి చెప్పడానికి వచ్చిన రోజు ఆమె నీళ్లు కూడా తాగలేదు.

తర్వాతి వాయిదాకు నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. ఈసారి పెద్ద గుమాస్తా ఏమీ అనలేదు. ఆమె తన చోట గోడకు ఆనుకుని ఉంది. ఆమె బావ వచ్చి బంట్రోతు పక్కన నిలబడ్డాడు, అలవాటు పడ్డ మనిషి. బంట్రోతు మొదటిసారి పేరు పిలిచాడు. నేను నోరు తెరిచేలోపే ఆమె లేచింది. ముసుగు గడ్డం దాకా లాక్కుంది, గట్టిగా రెండు చేతులతో పట్టుకుంది. ఆ ముసుగులోంచి, వరండా అంతా తిరిగి చూసేలా అరిచింది.

"వచ్చిన! వచ్చిన! రాసుకోండ్రి!"

జనం నవ్వారు. ఆడది గట్టిదేనన్నారు. పెద్ద గుమాస్తా నా వైపు తిరిగి, "సూసినవా, నేర్సుకున్నది" అన్నాడు మెచ్చుకోలుగా. ఆమె బావ తల పక్కకు తిప్పుకున్నాడు. నేను ఆమె చేతులే చూస్తున్నాను. బంట్రోతు పక్కకు జరిగి దారిచ్చినా ఆ రెండు చేతులూ ముసుగును వదలలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కాపాడుకున్న మర్యాదను, వచ్చిన మనిషి వచ్చిందని రాయించుకోవడానికి, మా గుమ్మం ముందు వదిలేసింది. లోపల బెంచి గుమాస్తా వంచిన తల ఎత్తకుండానే ఏదో రాసుకున్నాడు.